యూఏఈ ఫ్యామిలీ వీసాకు పెళ్లి, బర్త్, నర్సింగ్ సర్టిఫికెట్ల అటెస్టేషన్: హుజూరాబాద్ సోదరికి జవాబు

అడిగిన విషయం క్లుప్తంగా ఇది. హుజూరాబాద్‌లో ఉండే ఒక సోదరి భర్త అబుదాబిలో పనిచేస్తున్నారు, ఫ్యామిలీ వీసా పెట్టబోతున్నారు. పెళ్లి సర్టిఫికెట్, నాలుగేళ్ల పాప బర్త్ సర్టిఫికెట్, తన బీఎస్సీ నర్సింగ్ డిగ్రీ, ఈ మూడూ అటెస్ట్ చేయించి తెమ్మన్నారట. అపోస్టిల్ (మన విదేశాంగ శాఖ వేసే ఒక స్టిక్కర్) చాలని ఒకరు, ఎంబసీ స్టాంపు లేకుంటే చెల్లదని ఇంకొకరు చెప్తున్నారు. కరీంనగర్‌లో ఒక ఏజెంటు మూడింటికీ కలిపి నలభై ఐదు వేలు, పదిహేను రోజులు అన్నాడు. ఇవ్వాలా వద్దా అన్నది ప్రశ్న.

ముందు సూటిగా జవాబు చెప్తాను. యూఏఈకి అపోస్టిల్ చాలదు. మీ కాగితాలు నాలుగు చోట్ల తిరగాలి: రాష్ట్ర ప్రభుత్వం, ఢిల్లీ విదేశాంగ శాఖ (దాని పని ఇప్పుడు హైదరాబాద్‌లోనే అవుతుంది), ఇండియాలోని యూఏఈ ఎంబసీ, చివరికి అక్కడి విదేశాంగ శాఖ. ఈ చివరిది మీ ఆయనే అక్కడ చేయించుకోవచ్చు. ఏజెంటుకు డబ్బు ఇవ్వడం తప్పేమీ కాదు గానీ, ఇప్పుడే ఇవ్వకండి. మీరు రాసినదాన్ని బట్టి మీ కాగితాల్లో కనీసం రెండు, స్టాంపు వేయించే ముందు సరిచేసుకోవాల్సినవి లాగా ఉన్నాయి. అవి సరిచేయకుండా పంపితే నలభై ఐదు వేలు పోసి తప్పుల మీద ముద్రలు వేయించుకున్నట్టే.

నేను హనుమకొండలో లాయరుని, నోటరీని. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది గల్ఫ్ కాగితాల పని మీదే వస్తారు. వాళ్లంతా "ఢిల్లీలో ఎన్ని రోజులు పడుతుంది" అని అడుగుతారు. పని ఆగేది ఢిల్లీలో కాదు. మున్సిపల్ ఆఫీసులో, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో, యూనివర్సిటీ ఎగ్జామినేషన్ బ్రాంచిలో, ఒక్కోసారి మన ఇంటి బీరువాలోనే ఆగుతుంది.

ఎందుకంటే, ఒక్కో స్టాంపు దానికి ముందున్న సంతకాన్ని మాత్రమే నిజమని చెప్తుంది. రాష్ట్ర ప్రభుత్వ అధికారి "ఈ సర్టిఫికెట్ మీద సంతకం చేసిన రిజిస్ట్రార్ నిజమైన రిజిస్ట్రారే" అంటాడు. విదేశాంగ శాఖ "ఈ రాష్ట్ర అధికారి సంతకం మా దగ్గరున్న నమూనాతో సరిపోయింది" అంటుంది. ఎంబసీ "విదేశాంగ శాఖ ముద్ర అసలుదే" అంటుంది. లోపల రాసిన పేరు సరిగ్గా ఉందా, పుట్టిన తేదీ పాస్‌పోర్టుతో కలిసిందా అని వీళ్లెవరూ చూడరు. పత్రంలో ఉన్న విషయానికి మా బాధ్యత లేదని విదేశాంగ శాఖ తన ముద్రలోనే రాసుకుంటుంది. కాబట్టి తప్పుంటే అది నాలుగు స్టాంపులతో సహా అబుదాబి దాకా వెళ్తుంది. అక్కడి ఇమిగ్రేషన్ కౌంటర్‌లో మాత్రం పాస్‌పోర్టు పక్కన పెట్టి చూస్తారు. అప్పుడు బయటపడుతుంది.

అపోస్టిల్ గొడవ ఏంటి

అపోస్టిల్ అంటే 1961లో హేగ్‌లో కుదిరిన ఒప్పందం కింద వేసే ఒక స్టిక్కర్. ఆ ఒప్పందంలో ఉన్న దేశాలు ఒకదాని కాగితాలను ఒకటి ఆ ఒక్క స్టిక్కర్‌తోనే ఒప్పుకుంటాయి, ఎంబసీ దగ్గరికి వెళ్లే పని ఉండదు. ఇండియా 2005లో చేరింది. యూఏఈ, ఖతార్, కువైట్ అందులో లేవు. ఒమన్, బహ్రెయిన్ ఉన్నాయి. సౌదీకి 2022 డిసెంబర్ నుంచి అపోస్టిల్ చెల్లుతోంది, అంతకుముందు సౌదీకి కూడా ఎంబసీ స్టాంపే. మీకు "అపోస్టిల్ చాలు" అని చెప్పినవాళ్లు బహుశా మస్కట్‌కో రియాద్‌కో వెళ్లినవాళ్లు అయ్యుంటారు. వాళ్ల అనుభవం అబద్ధం కాదు, మీ దేశానికి అది వర్తించదు అంతే. జగిత్యాల నుంచి వచ్చిన ఒకాయన ఇలాగే మస్కట్‌లో ఉన్న అన్న మాట విని షార్జా కోసం డిగ్రీకి అపోస్టిల్ వేయించుకొచ్చాడు. మళ్లీ మామూలు అటెస్టేషన్ (అపోస్టిల్ కాకుండా విదేశాంగ శాఖ వేసే ఉత్త ముద్ర) వేయించి, ఎంబసీకి పంపే సరికి జాయినింగ్ తేదీ దాటింది.

గల్ఫ్ కాకుండా వేరే దేశాలకు వెళ్లేవాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి రెండు ముక్కలు. జర్మనీ కూడా ఆ ఒప్పందంలోనే ఉంది, కానీ ఇండియా చేరికకు అభ్యంతరం చెప్పిన దేశం, అందుకని మన అపోస్టిల్ అక్కడ పనికిరాదు. అక్కడ చదువుకోవడానికి వెళ్లే పిల్లలకు ఏపీఎస్ (మన చదువు కాగితాలు సరిచూసే జర్మనీ వాళ్ల విభాగం) సర్టిఫికెట్ కావాలి, 2022 నవంబర్ నుంచి అది తప్పనిసరి. కెనడా 2024 జనవరిలో హేగ్ ఒప్పందంలోకి వచ్చింది, కానీ అక్కడికి పీఆర్ (శాశ్వత నివాసం) పెట్టేవాళ్లకు అసలు కావాల్సింది డబ్ల్యూఈఎస్ లాంటి, విదేశీ చదువుకు విలువ కట్టే సంస్థకు యూనివర్సిటీ పంపే ట్రాన్స్‌క్రిప్టులు (మార్కుల వివరాలు). అపోస్టిల్ వేయించుకుని దాన్ని స్కాన్ చేసి పంపితే ఎవరూ పట్టించుకోరు. అందుకే స్టాంపు గురించి ఆలోచించే ముందు, కాగితం అడిగిన ఆఫీసు ఏ రూపంలో అడిగిందో రాతపూర్వకంగా తెప్పించుకోండి. మీ ఆయన కంపెనీ హెచ్ఆర్ లేదా వీసా పనులు చూసే పీఆర్ఓ నుంచి వాట్సాప్ మెసేజ్ వచ్చినా చాలు.

పెళ్లి సర్టిఫికెట్

మీ పెళ్లి వేములవాడలో అయిందని, గుడి రసీదు ఉందని, తర్వాత ఊళ్లో పంచాయతీ సెక్రటరీ ఒక సర్టిఫికెట్ ఇచ్చారని రాశారు. గుడి రసీదు సాక్ష్యంగా పనికొస్తుంది, సర్టిఫికెట్‌గా పనికిరాదు. పంచాయతీ ఇచ్చినది 2002 నాటి నిర్బంధ వివాహ రిజిస్ట్రేషన్ చట్టం కింద ఇచ్చినదైతే అది చట్టబద్ధమైనదే, దాన్ని నేను తక్కువ చేయను. కానీ నా సలహా, హిందూ వివాహ చట్టం కింద సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించుకుని, ఆ సర్టిఫికెట్‌నే విదేశానికి వాడండి. సచివాలయంలో సంతకం సరిచూసేటప్పుడు సబ్ రిజిస్ట్రార్ సంతకంతో ఇబ్బంది తక్కువ. పంచాయతీ కార్యదర్శి ఈపాటికి బదిలీ అయ్యుంటారు, చేతిరాత సర్టిఫికెట్ మీద ఉన్నది ఎవరి సంతకమో తేల్చడానికే వారాలు గడుస్తాయి.

ఇక్కడే అసలు మెలిక ఉంది. సబ్ రిజిస్ట్రార్ ముందు భార్యాభర్తలిద్దరూ సాక్షులతో కలిసి హాజరు కావాలి. మీ ఆయన అబుదాబిలో ఉన్నారు. కాబట్టి ఈ పని ఆయన సెలవు మీద వచ్చినప్పుడే అవుతుంది. చాలామంది సెలవు మీద వచ్చి, బోనాలకో బతుకమ్మకో అందరినీ కలిసి, తిరుగు ఫ్లైటు రేపనగా నా దగ్గరికి వస్తారు. ఆయన టికెట్ బుక్ చేసుకునే ముందే స్లాట్, కాగితాలు సిద్ధం చేసి పెట్టుకోండి: ఇద్దరి పదో తరగతి మెమోలు, ఆధార్, పెళ్లి పత్రిక, ఫోటోలు, ఆయన పాస్‌పోర్టు కాపీ, సాక్షుల ఆధార్. పెళ్లి జరిగిన చోటుగానీ, మీలో ఒకరు ఉండే చోటుగానీ ఉన్న సబ్ రిజిస్ట్రార్ పరిధిలో చేసుకోవచ్చు. ఆయన ఇప్పట్లో రాలేని పక్షంలో పంచాయతీ సర్టిఫికెట్‌తోనే ప్రయత్నించాలి. దాన్ని కనీసం ఇంగ్లిష్‌లో, కంప్యూటర్ ప్రింటులో, ఇప్పుడున్న కార్యదర్శి సంతకంతో కొత్తగా తీసుకోండి.

ముస్లిం కుటుంబాల వాళ్లకు ఒక మాట. ఖాజీ ఇచ్చిన నిఖానామా ఉర్దూలో ఉంటుంది. దాని ఆధారంగా వక్ఫ్ బోర్డు ఇంగ్లిష్‌లో పెళ్లి సర్టిఫికెట్ ఇస్తుంది. అటెస్టేషన్‌కు వెళ్లేది అదే.

సర్టిఫికెట్ మీద మీ పేరు ఎలా ఉందో చూసుకోండి. మన వైపు ఆడపిల్లలకు పదో తరగతి మెమోలో పుట్టింటి ఇంటిపేరు ఉంటుంది, పాస్‌పోర్టు పెళ్లయ్యాక తీస్తే అత్తింటి ఇంటిపేరు చేరుతుంది, డిగ్రీ మీద ఉత్త ఇనీషియల్ ఉంటుంది. మూడు కాగితాల్లో ముగ్గురు మనుషులు కనిపిస్తారు. మీ విషయంలో పెళ్లి సర్టిఫికెట్‌లో పుట్టింటి పేరే ఉండాలి, ఎందుకంటే పెళ్లి నాటికి మీరు ఆ పేరుతోనే ఉన్నారు. పాస్‌పోర్టులో కూడా చదువు సర్టిఫికెట్ల పేరే ఉంచుకుని, భర్త పేరును జీవిత భాగస్వామి గడిలో చేర్పించుకోవడం అన్నిటికన్నా హాయి. ఇంటిపేరు మార్చుకోవాలన్న నియమం ఏ చట్టంలోనూ లేదు. ఈ మాట చెప్తే కొందరు అత్తగార్లు నా మీద కోప్పడతారు, అయినా చెప్తాను.

పాప బర్త్ సర్టిఫికెట్

పాప హనుమకొండలో ప్రైవేటు ఆసుపత్రిలో పుట్టింది, మీరుండేది హుజూరాబాద్. కాబట్టి బర్త్ సర్టిఫికెట్ కోసం హుజూరాబాద్ మున్సిపాలిటీ చుట్టూ తిరగకండి. పుట్టుక ఎక్కడ జరిగితే అక్కడే రిజిస్టర్ అవుతుంది, అంటే మీది గ్రేటర్ వరంగల్ మున్సిపల్ కార్పొరేషన్. వరంగల్ సీకేఎం ఆసుపత్రిలో పుట్టినా, హనుమకొండ ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి (జీఎంహెచ్)లో పుట్టినా ఇంతే.

మీరు పెట్టిన ఫోటోలో పాప పేరు గడి ఖాళీగా ఉంది. ఇది చాలా మామూలు సంగతి. ఆసుపత్రి వాళ్లు పుట్టిన వెంటనే వివరాలు పంపిస్తారు, అప్పటికి బారసాల కూడా అయి ఉండదు. పేరు లేని సర్టిఫికెట్‌కు స్టాంపులు వేయించినా అక్కడ వీసా రాదు. పేరు చేర్పించడానికి ఏడాదిలోపు అయితే రుసుము ఉండదు, ఆ తర్వాత పదిహేనేళ్ల దాకా ఆలస్య రుసుముతో చేర్చుకోవచ్చు. మీ పాపకు నాలుగేళ్లే కాబట్టి టెన్షన్ వద్దు. మీసేవలో పెట్టుకోండి. అదే సమయంలో తల్లి పేరు, తండ్రి పేరు మీ ఇద్దరి పాస్‌పోర్టుల్లో ఉన్నట్టే అక్షరం అక్షరం ఉన్నాయేమో చూడండి. ఆసుపత్రి రిజిస్టర్‌లో నర్సు విన్నట్టు రాసుకున్న స్పెల్లింగే చాలా సర్టిఫికెట్లలో ఉండిపోతుంది. పాపకు ఇంకా పాస్‌పోర్టు తీయకపోతే మరీ మంచిది: ముందు బర్త్ సర్టిఫికెట్ సరిచేయించి, దాన్ని బట్టి పాస్‌పోర్టు తీయండి. రివర్సులో వెళ్తే రెండు చోట్ల దిద్దుబాట్లు.

పుట్టుక అసలు రిజిస్టరే కాని పిల్లల సంగతి వేరు. ఏడాది దాటితే మామూలు దరఖాస్తుతో పని కాదు, 2023లో మారిన చట్టం ప్రకారం జిల్లా మెజిస్ట్రేట్ లేదా సబ్ డివిజనల్ మెజిస్ట్రేట్ స్థాయి అధికారి ఉత్తర్వు కావాలి. మన దగ్గర దానికి ఆర్డీవో ఆఫీసులో కనుక్కోవాలి. రికార్డు లేదన్న సర్టిఫికెట్, అఫిడవిట్, విచారణ ఇవన్నీ ఉంటాయి. దానికి విడిగా సమయం పెట్టుకోండి.

జిల్లా పేరు గురించి చాలామంది భయపడతారు. 2016లో పాత వరంగల్ జిల్లా ముక్కలైంది, ములుగు 2019లో విడిగా వచ్చింది, 2021లో వరంగల్ అర్బన్ కాస్తా హనుమకొండ అయింది, రూరల్ కాస్తా వరంగల్ అయింది. కాబట్టి ఒకే ఇంట్లో అన్న కాగితాల్లో వరంగల్, తమ్ముడి కాగితాల్లో వరంగల్ అర్బన్, పాప కాగితాల్లో హనుమకొండ ఉండటం తప్పు కాదు. దీని వల్ల వీసా ఆగడం నేను చూడలేదు. ఊరు పేరు స్పెల్లింగ్ ఇంగ్లిష్‌లో ఒక్కోచోట ఒక్కోలా ఉన్నా అంతే. వాళ్లు పట్టుకునేది మనిషి పేరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు. ఏజెంట్లు జిల్లా పేరు మార్పిస్తామని డబ్బు అడిగితే ఇవ్వకండి.

నర్సింగ్ డిగ్రీ

మూడింటిలో ఎక్కువ సమయం తినేది ఇదే, మీరు దీన్ని చివర రాశారు. మీరు చదివిన కాలేజీ వరంగల్‌లోనే ఉన్నా, 2012లో చేరారు కాబట్టి మీ డిగ్రీ ఇచ్చింది విజయవాడలోని ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ అయ్యుండాలి. కాళోజీ హెల్త్ యూనివర్సిటీ తర్వాత వచ్చింది. డిగ్రీ పట్టా మీద ఎవరి పేరుందో ఒకసారి చూడండి. ఇది ఎందుకంటే, రాష్ట్ర స్థాయి అటెస్టేషన్ మీరు ఏ రాష్ట్రంలో ఉంటున్నారన్న దాన్ని బట్టి కాదు, కాగితం ఏ రాష్ట్రంలో జారీ అయిందన్న దాన్ని బట్టి జరుగుతుంది. విజయవాడ యూనివర్సిటీ పట్టా అయితే ఆ మెట్టు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వైపు పడుతుంది. పెళ్లి, బర్త్ సర్టిఫికెట్లు తెలంగాణ వైపు. కరీంనగర్ ఏజెంటు మూడింటికీ ఒకే రేటు, ఒకే గడువు చెప్పాడంటే ఈ సంగతి అతను అడగలేదని నాకు అనుమానం.

ఇలాంటి చిక్కే మామూలు డిగ్రీలకూ ఉంది. కాకతీయ యూనివర్సిటీ 1976లో వచ్చింది, అంతకుముందు ఇక్కడ చదివినవాళ్లవి ఉస్మానియా పట్టాలు. కరీంనగర్‌లో శాతవాహన 2008లో వచ్చింది కాబట్టి అంతకుముందు అక్కడ డిగ్రీ చేసినవాళ్లు కాకతీయకే రావాలి. వరంగల్ ఇంజనీరింగ్ కాలేజీ ఆర్ఈసీ 2002లో నిట్ అయింది, దానికి ముందు బ్యాచుల బీటెక్ పట్టా కాకతీయది. కాలేజీ గేటు దగ్గరికి వెళ్లి ఉపయోగం లేదు, పట్టా ఎవరిస్తే వాళ్ల ఎగ్జామినేషన్ బ్రాంచి దగ్గరికే వెళ్లాలి.

అక్కడ ఎందుకు పని పడుతుందంటే, రాష్ట్ర ప్రభుత్వం చదువు సర్టిఫికెట్ మీద సంతకం చేసే ముందు అది నిజమైనదేనని యూనివర్సిటీ మాట అడుగుతుంది. దీన్నే జెన్యూన్‌నెస్ వెరిఫికేషన్ అంటారు. ఫీజు కట్టి దరఖాస్తు పెడితే వాళ్లు రికార్డు చూసి లెటర్ ఇస్తారు. పాత బ్యాచులకు రికార్డు వెతకాలి కాబట్టి ఆలస్యం ఎక్కువ. ప్రొవిజనల్ (పట్టా వచ్చేలోపు ఇచ్చే తాత్కాలిక సర్టిఫికెట్)తో ఈ పని మొదలుపెట్టకండి. ఓడీ, అంటే అసలు కాన్వొకేషన్ పట్టానే కావాలి. మీరు ఇంకా ఓడీ తీసుకోకపోతే మొదటి పని అదే. మార్కుల మెమోలు కూడా వెంట ఉంచుకోండి.

లామినేషన్ ఉంటే ఇప్పుడే చెప్పండి. మన ఇళ్లలో సర్టిఫికెట్ చేతికి రాగానే చౌరస్తాకు వెళ్లి లామినేషన్ చేయించడం ఒక అలవాటు. స్టాంపులు, స్టిక్కర్లు అసలు కాగితం వెనుకవైపే వేస్తారు, ప్లాస్టిక్ మీద వేయరు. పౌచ్‌లో ఉత్తగా పెట్టినదైతే కత్తిరించి తీయొచ్చు. వేడితో అతికించినదాన్ని ఇస్త్రీ పెట్టెతో ఊడదీస్తామనే షాపులు ఉన్నాయి, వాళ్ల చేతికి ఇవ్వకండి. పరకాల నుంచి వచ్చిన ఒక అబ్బాయి డిగ్రీ మీద సిరా మొత్తం ప్లాస్టిక్‌తో పాటు ఊడొచ్చింది. డూప్లికేట్‌కు పెట్టుకోవడమే దారి. డూప్లికేట్ అని ముద్ర ఉన్నా అటెస్టేషన్‌కు అడ్డం కాదు.

నర్సులకు ఇంకో సంగతి. డిగ్రీ అటెస్ట్ అయినంత మాత్రాన అక్కడ నర్సుగా పనిచేయనివ్వరు. అబుదాబిలో లైసెన్స్ ఇచ్చేది అక్కడి ఆరోగ్య శాఖ, దానికి డేటాఫ్లో అనే సంస్థ ద్వారా వెరిఫికేషన్ జరగాలి. వాళ్లు మీ స్టాంపులు చూడరు. నేరుగా యూనివర్సిటీకి, నర్సింగ్ కౌన్సిల్‌కు, మీరు పనిచేసిన ఆసుపత్రికి రాసి అడుగుతారు. ఇక్కడ దెబ్బతినేది ఎక్కువగా అనుభవం సర్టిఫికెట్ దగ్గర. చిన్న నర్సింగ్ హోముల్లో ఆ మెయిల్ చూసేవాళ్లు ఉండరు, జవాబు రాదు, రిపోర్టు మధ్యలో ఆగిపోతుంది. మీరు పనిచేసిన ఆసుపత్రికి వెళ్లి, ఏ మెయిల్‌కు వస్తుందో, ఎవరు జవాబిస్తారో ముందే మాట్లాడి పెట్టుకోండి. కౌన్సిల్ నుంచి గుడ్ స్టాండింగ్ (మీ మీద చర్యలేవీ లేవన్న) సర్టిఫికెట్ కూడా అడుగుతారు. మీ రిజిస్ట్రేషన్ రెన్యువల్ అయిందో లేదో చూసుకోండి.

ఒక ప్రశ్న మిమ్మల్ని అడగాలి: ఫ్యామిలీ వీసాకు మీ డిగ్రీ ఎందుకు అడిగారు? భార్యాబిడ్డలను తీసుకెళ్లడానికి కావాల్సింది పెళ్లి, బర్త్ సర్టిఫికెట్లు, ఆయన జీతం, ఇంటి అద్దె ఒప్పందం. డిగ్రీ మీ ఉద్యోగం కోసమైతే దాన్ని విడిగా, నిదానంగా చేయించుకోవచ్చు. మూడింటినీ ఒకే కట్టలో పెడితే డిగ్రీ కోసం మిగతా రెండూ ఆగుతాయి. మొదట పెళ్లి, బర్త్ పంపించండి.

ఇక తిరిగే దారి

కాగితాలు సరిగ్గా ఉంటే మిగతాది నడక మాత్రమే, అందుకే దీని గురించి తక్కువ రాస్తున్నాను. తెలంగాణ కాగితాలకు రాష్ట్ర మెట్టు సచివాలయంలోని సాధారణ పరిపాలన శాఖ. ఏ రోజుల్లో, ఏ వేళల్లో తీసుకుంటారో ఫోన్ చేసి కనుక్కున్నాకే కాజీపేటలో రైలెక్కండి. తర్వాత విదేశాంగ శాఖ. 2019 నుంచి ఈ పని హైదరాబాద్‌లోని బ్రాంచి సెక్రటేరియట్ ద్వారా కూడా జరుగుతోంది, ఢిల్లీ వెళ్లక్కర్లేదు. అయితే అక్కడ జనం దగ్గర నేరుగా కాగితాలు తీసుకోరు. శాఖ నియమించిన ఏజెన్సీల ద్వారానే ఇవ్వాలి, వాటి జాబితా శాఖ వెబ్‌సైట్‌లో ఉంటుంది. మామూలు అటెస్టేషన్‌కు ప్రభుత్వ రుసుము లేదు, అపోస్టిల్‌కు 50 రూపాయలు. ఏజెన్సీ సర్వీస్ చార్జీ దానికి అదనం. ఆ తర్వాత యూఏఈ ఎంబసీ స్టాంపు. ఖర్చు ఉండేది ఇక్కడే, ఒక్కో కాగితానికి వేలల్లో అవుతుంది. చివరగా మీ ఆయన అక్కడి విదేశాంగ శాఖ అటెస్టేషన్ 150 దిర్హాములు కట్టి చేయించుకుంటారు. అరబిక్ అనువాదం ఇక్కడ చేయించకండి, అక్కడి న్యాయశాఖ లైసెన్స్ ఉన్న అనువాదకుడిదే చెల్లుతుంది.

ఇందులో నోటరీ స్టాంపు ఎక్కడా రాలేదని గమనించారా? నా పనే అయినా చెప్తున్నాను, ఒరిజినల్ సర్టిఫికెట్ మీద నోటరీ ముద్ర వేయిస్తే అటెస్టేషన్ అయిపోయినట్టు కాదు. కాపీలకు, అఫిడవిట్లకు, పవర్ ఆఫ్ అటార్నీకి నోటరీ అవసరం. డిగ్రీ వెనుక వంద రూపాయల నోటరీ ముద్ర వేసి గల్ఫ్ అటెస్టేషన్ అని పంపేవాళ్లు ఇంకా ఉన్నారు.

మరి ఏజెంటు? దూరాభారం, చంటిపిల్ల ఉన్న ఇంటికి ఏజెంటు సాయం అవసరమే. నలభై ఐదు వేలు ఎక్కువా తక్కువా అని నేను చెప్పను, విడివిడిగా రాయించుకోండి: రాష్ట్రానికి ఎంత, విదేశాంగ శాఖకు ఎంత, ఎంబసీకి ఎంత, నీ కూలి ఎంత. ప్రభుత్వ రుసుములకు రసీదు ఇస్తానని ఒప్పుకోవాలి. రాష్ట్ర అటెస్టేషన్ ఎక్కడ చేయిస్తావని కూడా అడగండి. కొందరు ఇక్కడి సచివాలయానికి వెళ్లకుండా ఢిల్లీలో ఎస్డీఎం (సబ్ డివిజనల్ మెజిస్ట్రేట్) దగ్గర వేయిస్తారు. అది తొందరగా అవుతుంది, విదేశాంగ శాఖ కూడా తీసుకుంటుంది. కానీ కొన్ని ఎంబసీలు, కొన్ని కంపెనీలు జారీ చేసిన రాష్ట్రం ముద్రే కావాలంటాయి. పదిహేను రోజులు అన్నాడంటే ఆ దారే అయ్యుంటుంది. సబ్ రిజిస్ట్రార్, మీసేవ, యూనివర్సిటీ పనులు కాకుండా, కేవలం స్టాంపుల దారికే నెల నుంచి రెండు నెలలు పెట్టుకోవడం నా లెక్క.

ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చేటప్పుడు రెండువైపులా రంగుల్లో స్కాన్ చేసి పెట్టుకోండి, ఏయే కాగితాలు తీసుకున్నాడో సంతకంతో రాయించుకోండి. పాస్‌పోర్టు ఒరిజినల్ మాత్రం ఇవ్వకండి, కాపీ చాలు. కాగితాలు తిరిగొచ్చాక స్టిక్కర్ మీదున్న నంబరును విదేశాంగ శాఖ వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి. దొంగ స్టిక్కర్లు ఉన్నాయి. అవి అక్కడ దొరికితే కేసు పడేది ఏజెంటు మీద కాదు, కాగితం ఇచ్చిన మీ ఆయన మీద.

డ్రైవర్, హెల్పర్, క్లీనింగ్ లాంటి వీసాల మీద వెళ్లేవాళ్ల దగ్గర కూడా "పదో తరగతి అటెస్ట్ చేయించాలి" అని వేలకు వేలు తీసుకుంటున్నారని సిరిసిల్ల, మెట్‌పల్లి వైపు నుంచి ఫోన్లు వస్తుంటాయి. యజమాని రాతపూర్వకంగా అడగకపోతే ఆ పనులకు సర్టిఫికెట్ అటెస్టేషన్ అవసరం రాదు. ఇక్కడి నుంచే నర్సు ఉద్యోగం మీద నేరుగా వెళ్లేవాళ్లు మాత్రం ప్రైవేటు ఏజెంటు మాట వినే ముందు ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లో ఒకసారి అడగండి.

మీ దగ్గర నుంచి మూడు విషయాలు కావాలి. డిగ్రీ పట్టా మీద ఏ యూనివర్సిటీ పేరుంది, దానికి లామినేషన్ ఉందా లేదా, మీ ఆయన సెలవు ఎప్పుడు. పాస్‌పోర్టు నంబర్లు, ఆధార్ నంబర్లు మాత్రం ఇక్కడ పెట్టకండి, మొన్న పెట్టిన బర్త్ సర్టిఫికెట్ ఫోటో కూడా తీసేయండి.